తపాలా ఫలకమునకు టీకా తాత్పర్యము

మూలము: “ఘనచరిత్ర గల ఈ పురాతన తపాలా భవనము శిథిలమైనందున ప్రజలు సమీపింపరాదు.”

కడప జిల్లాలోని మా ఊరి పాత తపాలా కచేరి గోడకు వ్రేలాడు రేకుపలకపై ఈ ఏకవాక్యకావ్యము వెలసి నాలుగు వర్షాకాలములు గడచినను వ్యాఖ్యాత యొక్కడును దొరకకుండుట చూచి ఓర్వలేక, మూలమున లేనిది వ్రాయననియు అక్కర లేనిది పలుకననియు వ్రతము పట్టిన కోలాచల మల్లినాథసూరికి నమస్కరించి, ఆ వ్రతమును మాత్రము ఆయనకే విడిచి, నేనీ టీకకు పూనుకొంటిని.

భవనము: స్పష్టము. ప్రజలు: వీరును స్పష్టులే, మెట్లమీద కనబడుదురు.

ఘన: గొప్ప యని చెప్పువాడు మందుడు. అమరసింహుడు దీనిని మేఘనామములలో జేర్చెను. కావున ఘనచరిత్ర యనగా మేఘములచే గలిగిన చరిత్ర. వానకై కప్పలకు పెండ్లి చేయు ఈ సీమలో, కురిసిన ఆ నాలుగు చినుకులును పొలమునకు పోక, మిద్దె మీది చవుటిమన్నును కరగించుకొని మనియార్డరు ఫారములపై బడిన వృత్తాంతమని భావము. అర్థాంతరమును గలదు. వేదాధ్యయనమున పదములను ముందునకు వెనుకకు త్రిప్పి వల్లించుట ఘన. పొదుపు పుస్తకము చేత బట్టుకొని వచ్చిన అవ్వను ఒకటవ కిటికీ నుండి రెండవదానికి, రెండు నుండి ఒకటికి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మరల ఒకటి రెండు మూడని త్రిప్పిన ఆ పాఠము నేను చెవులార విన్నదే; స్వరమొక్కటే తక్కువ.

పురాతన: ఎంత పురాతనము? సభలలో శాలువ కప్పించుకొన్న ప్రతివాడును “మన్రో దొర కట్టించినది” అనును. 1800లో దత్తమండలములు కంపెనీ వశమైనపుడు ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 దాక నుండి, పిదప మద్రాసు గవర్నరై 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన ఆయన పేరు జనులు బిడ్డలకు పెట్టుకొన్న మాట నిజమే. అంతమాత్రమున కనబడిన ప్రతి పాతగోడను ఆయనకు అంటగట్టుట కృతజ్ఞత గాదు, సోమరితనము. మా కచేరి కిటికీపైన కడపబండమీద “మనియార్డరు” అని చెక్కియున్నది. ఆ పద్ధతి మన దేశమున 1880లో గాని తపాలావారి చేతికి రాలేదు. చనిపోయిన యేబది మూడేండ్లకు వచ్చినదానికి దొర ముందుగానే కిటికీ పెట్టించెనా?

తపాలా: మరాఠీ టపాల శబ్దభవము. ఇచ్చట కొంచెము నిలువవలెను. గజ్జెల బల్లెము భుజమున వేసికొని మజిలీ నుండి మజిలీకి పరుగెత్తిన ఆ టపావాండ్ర కాలముననే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమున బయలుదేరి, మన కడప మీదుగా, అహోబిల మహానందులు సేవించుకొని కాశికి బోవుచు, దారి పొడుగునను చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపెను. ఏ ఊర నీళ్లు దొరకునో, ఏ సత్రమున బస కుదురునో, ఏ కనుమ బోయీలకు కష్టమో, అన్నియు! ఆ వ్రాతలే 1838లో అచ్చయి కాశీయాత్రచరిత్ర యైనవి. ఒక్క జాబు త్రోవలో జారినను మన భాషకు ఒక మజిలీ యంత లోటు గదా యని తలచినపుడెల్ల నాకు ఒడలు గగుర్పొడుచును. అహోబిలము దాటిన పిమ్మట... ఏమి చెప్పుచుంటిని? రేకుపలక.

సమీపింపరాదు: కచేరి నిప్పుడు బజారులోని అద్దె మేడపైకి మార్చిరి. ఇరువదిరెండు మెట్లు, పట్టుకొన కమ్మి లేదు. మోకాళ్ల నొప్పుల ముసలివారు కూర్చుండి కూర్చుండి యెక్కుదురు. 1854లో, జాబు పక్క ఊరికి బోయినను కలకత్తాకు బోయినను కాలుతులము లోపల అర్ధణాయే యని, దూరమనుమాటనే ధరలో నుండి తీసివేసిన శాఖ యిది! ఆ శాఖయే అవ్వకును కిటికీకిని నడుమ ఇరువదిరెండు మెట్ల దూరము పెట్టినది. దీనికి టీక వ్రాయుట నా చేత గాదు.

తాత్పర్యము: ఉభయకుశలోపరి. ఉభయులనగా భవనమును ప్రజలును. కుశలమెవరికో పలక చెప్పదు. కమ్మి పెట్టింపుడని పై అధికారికి కార్డు వ్రాసితిని. ఎఱ్ఱడబ్బా మాత్రము నేటికిని ఆ పాత గోడకే, పలకకు సరిగా క్రిందనే యున్నది. ఇటు నటు చూచి, సమీపించి, వేసితిని.