ముందు ఇల్లు చూసి, తర్వాత కారు చూసేవాళ్లం

మా రోజుల్లో కారు కొనాలనుకున్నవాడి ముందు రెండే పేర్లు ఉండేవి. అంబాసిడర్, లేకపోతే ఫియట్. మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఉండేది గానీ, మా గుంటూరు వీధుల్లో ఎప్పుడో ఒకటి కనిపించేది. అసలు పోటీ ఆ రెండింటికే. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే జాలిపడతారు. "పాపం, మీకు చాయిస్ లేదు" అంటారు. జాలిపడాల్సింది వాళ్లను చూసి. వారాల తరబడి వీడియోలు చూస్తారు, చివరికి రెండు సెడాన్ల దగ్గర ఆగుతారు, ఆ రెండింట్లో తమకు ఏది కావాలో, ఎందుకు కావాలో చెప్పమంటే నీళ్లు నములుతారు. మాకు ఉన్నవి రెండే అయినా ఏది మనదో ఇంట్లో అందరికీ తెలిసేది. మేం ముందు ఇల్లు చూసుకునేవాళ్లం, తర్వాత కారు చూసేవాళ్లం.

అంబాసిడర్ అంటే కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన బండి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని మూలం. 1489 సీసీ ఇంజను, ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు, 15 అంగుళాల చక్రాలు. ముందు సీటు బెంచీలా ఒకటే పొడవు, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన. అందువల్ల ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు. రేపల్లె నుంచో పల్నాడు నుంచో గోతుల రోడ్డు మీద ఉమ్మడి కుటుంబం మొత్తం పెళ్లికి రావాలంటే అదే కారు. డ్రైవరును పెట్టుకునే ఇళ్లు, పొగాకు వ్యాపారులు, కాంట్రాక్టర్లు, కలెక్టరు ఆఫీసు, అందరిదీ అదే.

ఫియట్ బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారు చేసేవారు. 1089 సీసీ ఇంజను, తేలికైన ఒళ్లు, ఇరుకు సందులో కూడా చటుక్కున తిరిగేది, పెట్రోలు తక్కువ తాగేది. డెబ్బైలలో దానికే ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. మా వాళ్లు మాత్రం చివరిదాకా ఫియట్ అనే అన్నారు. సొంతంగా నడుపుకునే డాక్టర్లు, వకీళ్లు, లెక్చరర్లు ఫియట్ వైపు వెళ్లేవారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఎగబాకాక ఇంకా ఎక్కువమంది అటు తిరిగారు.

ఆ రెండు కార్ల స్వభావాలు వేరు. అందుకే మనిషి తన బతుకేమిటో ముందు చెప్పుకోక తప్పేది కాదు. ఇంట్లో ఎంతమంది? ఊరికి ఎన్నిసార్లు వెళతావు? ఆ ఊరి రోడ్డు ఎట్లా ఉంటుంది? నడిపేది నువ్వా, డ్రైవరా? ఈ ప్రశ్నలు అడిగేది షెడ్డు మేస్త్రీ. కారు కొనే ముందు ఆయన దగ్గరకు వెళ్లడం మా రోజుల్లో ఆనవాయితీ. ఆయనకు కమీషన్ లేదు. రేపు ఆ బండి బానెట్ ఎత్తాల్సింది తనే కాబట్టి నిజం చెప్పేవాడు. "అంబాసిడర్ ఏ ఊళ్లో ఆగిపోయినా చేసేవాడు దొరుకుతాడండీ. ఫియట్ నడపడానికి సుఖం గానీ గేరు లింకులు అరిగితే ఇరుక్కుంటాయి, చూసుకుంటూ ఉండాలి" అనేవాడు. రెండు వాక్యాల్లో రెండు కార్లూ అర్థమైపోయేవి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రోజు గడిపితే చాలు, కొనబోయే కారు ఏళ్లు గడిచాక ఎట్లా ఉంటుందో విప్పిన ఇంజన్లు చూసి తెలుసుకోవచ్చు. కొత్త కారును అద్దాల గదిలో చూసి మురిసిపోవడం కన్నా, పాతబడ్డ కారును షెడ్డులో చూడడం వెయ్యి రెట్లు మేలని ఇప్పటికీ చెబుతాను.

ఆ రోజులన్నీ బంగారమని అనను. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి, ముఖ్యంగా ఫియట్‌కు. ధర మీద కూడా ప్రభుత్వం చెయ్యి ఉండేది. 1969లో కేంద్రం కార్ల ధరలు తానే నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇస్తే కంపెనీలు సుప్రీంకోర్టుదాకా వెళ్లాయి. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు రేడియేటర్ మరిగి బండి పక్కకు ఆపి, నీళ్లు పోసి, చల్లారేదాకా కూర్చున్న కుటుంబాలు లెక్కలేనన్ని. బెల్టులు లేవు, ఎయిర్‌బ్యాగులు లేవు. దెబ్బ తగిలితే స్టీరింగ్ ఛాతీకి గుచ్చుకునేది. ఇవి ఎవరూ తిరిగి కోరుకోవాల్సినవి కావు. అయితే ఆ కష్టంలో ఒక మేలు జరిగేది. అంతకాలం ఆగి కొనేది కాబట్టి కారు గురించి ఆలోచించడానికి వ్యవధి ఉండేది. కొన్నాక కూడా ఇరవై ఏళ్లు ఉంచుకోవాలన్న బుద్ధితోనే కొనేవాళ్లం.

తర్వాత కాలం మారింది. 1983 డిసెంబరులో మారుతి 800, 1990లో మారుతి 1000, 1998లో హోండా సిటీ, మరుసటి ఏడు హ్యుందాయ్ యాక్సెంట్. పద్మిని కొత్త శతాబ్దం మొదట్లో ఆగిపోయింది, అంబాసిడర్ 2014 మేలో ఆగిపోయింది. వాటి కోసం ఏడవను. కార్లు మారాలి, మెరుగు కావాలి. ఎంచుకునే తీరు దిగజారడం మీదే నా కోపం.

ఈ మధ్య మా తమ్ముడి కొడుకు సెడాన్ కొంటానన్నాడు. ఉండేది హైదరాబాద్ మియాపూర్‌లో. నెలకోసారైనా సూర్యాపేట, కోదాడ మీదుగా గుంటూరు వస్తాడు. డిజైర్, అమేజ్ దగ్గర ఆగాడు. "పెదనాన్నా, డిజైర్‌కు సన్‌రూఫ్ ఉంది, అమేజ్‌కు లేదు. అమేజ్‌లో ఏడాస్ ఉంది, డిజైర్‌లో లేదు. అక్కడే తేల్చుకోలేకపోతున్నాను" అన్నాడు. "ఒరేయ్, మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు కదా. ఆమెను రెండు కార్లలో వెనక సీట్లో కూర్చోబెట్టి, దించి చూశావా?" అని అడిగాను. చూడలేదు. షోరూమ్‌లో ఎవరైనా అడిగారా? అడగలేదు. పైకప్పుకు కిటికీ ఉందా లేదా అన్నది తెలుసు, కన్నతల్లి ఎక్కి దిగగలదా లేదా అన్నది తెలియదు. సెడాన్ సీటు కిందికి ఉంటుంది. నడుము వంచి కూర్చోవాలి, మోకాలి మీద బలం పెట్టి లేవాలి. పెద్దవాళ్లున్న ఇంటికి ఇదే మొదటి పరీక్ష.

మా రెండు కార్ల కాలంలోలాగే ఈ రెండింటి స్వభావాలు కూడా వేరే. చూడాలన్న ఓపిక ఉంటే కనిపిస్తాయి. కొత్త డిజైర్ ఇంజను మూడు సిలిండర్లది, అమేజ్‌ది నాలుగు సిలిండర్లది. రెండూ 1.2 లీటర్లే అయినా, బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి పెడితే తేడా తెలుస్తుంది. మైలేజీ కావాలా, డిజైర్ ముందుంటుంది. కంపెనీ పరీక్షలో మాన్యువల్‌కు లీటరుకు 24 కిలోమీటర్లు దాటింది, అమేజ్ మాన్యువల్ 19లోపే. మెత్తదనం కావాలా, అమేజ్‌ది పైచేయి. ఇంత సూటిగా ఎవరూ చెప్పరు. రెండింటినీ "ఆటోమేటిక్ కూడా ఉందండీ" అనే ఒక్క మాటతో కట్టేస్తారు. డిజైర్‌లో ఉన్నది ఏఎంటీ. మామూలు గేరుపెట్టెకే క్లచ్ నొక్కి గేరు మార్చే యంత్రం తగిలిస్తారు. గేరు మారినప్పుడల్లా చిన్న ఆగుడు ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో అది ఇంకా తెలుస్తుంది. కానీ ధర తక్కువ, మైలేజీ తగ్గదు. అమేజ్‌లో ఉన్నది సీవీటీ. మెట్లు లేకుండా జారుతూ పోతుంది, పంజాగుట్ట ట్రాఫిక్‌లో ప్రాణానికి సుఖం. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజను రొద పెడుతుంది. రోజూ ఆఫీసుకు రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చునేవాడికి సన్‌రూఫ్ కన్నా ఈ తేడా ఎంత పెద్దదో ఎవరైనా చెప్పాలా వద్దా?

డిక్కీ సంగతి చూడండి. అమేజ్‌ది 416 లీటర్లు, డిజైర్‌ది 382. ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, మామిడికాయల బుట్ట వేసుకొచ్చే ఇంటికి ఇది అసలైన లెక్క. డిజైర్‌ను కంపెనీ సీఎన్‌జీతో కూడా ఇస్తుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ ఆ గ్యాస్ సిలిండర్ కూర్చునేది డిక్కీలోనే. సెడాన్ కొనడమే డిక్కీ కోసం అయినప్పుడు, దాంట్లో సిలిండర్ పెట్టించుకుని బ్యాగులు కాళ్ల దగ్గర పెట్టుకోవడం ఏం లెక్క? రోజూ చాలా దూరం తిరిగేవాడికి సీఎన్‌జీ సరి. నెలకోసారి కుటుంబంతో ఊరెళ్లేవాడు ముందు ఆలోచించాలి.

అసలు ఈ సెడాన్ల తోక ఎందుకు కోసినట్టు ఉంటుందో కూడా కొనేవాళ్లు తెలుసుకోవాలి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. 2008లో డిజైర్ నాలుగు మీటర్ల పైనే ఉండేది. 2012లో డిక్కీ కురచ చేసి 3,995 మిల్లీమీటర్లకు దించారు. ఇప్పటి అమేజ్ కూడా అంతే పొడవు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ చిన్న కార్లకు 18 శాతం, ఆ హద్దు దాటితే 40 శాతం. అంటే మన కారు ఆకారాన్ని పన్ను గీత గీస్తోంది. మా ఫియట్ కూడా నాలుగు మీటర్ల లోపే. దాన్ని ఏ పన్ను కోసమూ కొయ్యలేదు, చిన్న కారుగానే పుట్టింది. వెర్నా, సిటీ, స్లావియా, వర్టుస్ లాంటి నిండైన సెడాన్లు మాత్రం పన్ను బరువు మోస్తూ తగ్గిపోతున్నాయి. 2014లో వచ్చిన సియాజ్ 2025లో ఆగిపోయింది. అందరికీ ఎత్తు కార్లు కావాలి. గతుకు రోడ్డు, నీళ్లు నిలిచే వీధి ఉంటే ఎత్తు కారు కొనండి, తప్పు లేదు. హైవే మీద వంద కిలోమీటర్ల వేగంలో నేలకు అంటుకుని, ఒరగకుండా పోయే సుఖం ఏమిటో ఒకసారి సెడాన్‌లో కూర్చుని చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఇప్పటి టెస్ట్ డ్రైవ్ చూస్తే నాకు మండిపోతుంది. షోరూమ్ గేటు నుంచి బయటికి, నున్నటి రోడ్డు మీద రెండు మలుపులు, మళ్లీ గేటులోకి. పక్కన కూర్చున్న కుర్రవాడు దారంతా స్క్రీన్ చూపిస్తాడు. మా రోజుల్లో కారు చూడ్డానికి వెళితే, తెలిసినవాళ్ల బండిలో ఇంటిల్లిపాదీ ఎక్కి గతుకుల్లో తిప్పి చూసేవాళ్లం. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే బండి స్వభావమే మారిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగుతుందా, స్పీడు బ్రేకర్ మీద అడుగు తగులుతుందా, రాత్రి లైటు ఎంతదూరం పడుతుంది? ఇవి ఒంటరిగా నడిపితే తెలియవు.

భద్రత దగ్గర ఈ కాలానికి దండం పెడతాను. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో డిజైర్‌కు పెద్దల భద్రతకు ఐదు నక్షత్రాలు వచ్చాయి. రెండు కార్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లకూ ఉన్నాయి. మా తరం ఇవి లేక ఎంతమందిని పోగొట్టుకుందో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇప్పటివాళ్ల మీద నా కోపం ఇంకా ఎక్కువ. ఆ నక్షత్రాలు బెల్టు కట్టిన బొమ్మలను కూర్చోబెట్టి చేసిన పరీక్షలో వచ్చినవి. వెనక సీట్లో బెల్టు సీటు కిందికి తోసేసి, పసిపిల్లను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని, "మాది ఫైవ్ స్టార్ కారు" అంటే ఎవరిని మోసం చేసుకుంటున్నట్టు? బెల్టు లేనివాడికి ఎయిర్‌బ్యాగే దెబ్బవుతుంది. డ్రైవరుకు సాయపడే ఆ ఏడాస్ కూడా అంతే. ముందున్న బండిని చూసి బ్రేకు వేసే ఏర్పాటు మంచిదే. గీతలు చూసి దారి పట్టించే ఏర్పాటు, గీతలే లేని మన ఊరి రోడ్డు మీద ఏం చేస్తుంది?

ఇక డబ్బు. అప్పట్లో పంట డబ్బో, పీఎఫ్ డబ్బో చేతికి వచ్చాకే కారు మాట ఎత్తేవాళ్లం. ఇప్పుడు ఏడేళ్ల వాయిదాలు. నెలకు ఇంతే కదా అంటూ ఒక మోడల్ పైకి, ఇంకో మోడల్ పైకి ఎక్కిస్తారు. ఆ పై మోడల్‌లో వచ్చేది చాలాసార్లు స్క్రీను, చక్రాల సొగసు. మా వాడు వెళ్లిన చోట ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలని పట్టుబట్టారు. ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవాడి హక్కు అని గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు, తగ్గారు. రిజిస్ట్రేషన్ కాకముందే బండి పగటి వెలుతురులో చూడమని, తయారైన నెల అడగమని కూడా చెప్పాను.

వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. రెండు సెడాన్ల మధ్య ఆగిపోతే ఫోను పక్కన పెట్టండి. ఎవరెవరు ఎక్కుతారు, ఏ రోడ్డు మీద, ఏ సామానుతో, నెలకు ఎంత దూరం, ఎన్నేళ్లు, ఇవి కాగితం మీద రాయండి. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లండి. డిక్కీలో మీ పెట్టెలు పెట్టి చూడండి. అందరినీ ఎక్కించి ఫ్లైఓవర్ ఎక్కించండి. మీ ఊళ్లో ఆ బండి బాగుచేసే మేస్త్రీని అడగండి. అప్పటికీ రెండూ సమానంగా తోస్తే తక్కువ ధరది కొని, మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద, పసిపిల్ల సీటు మీద పెట్టండి. సన్‌రూఫ్ ఉందా అని ఆ తర్వాత అడగండి.