ఇంటిపేరు గాడు

ముప్పై మూడేళ్లు మండలాఫీసులో కూర్చుని, వచ్చినవాళ్లను "ఇంకో కాగితం తక్కువైంది, రేపు రండి" అని తిప్పి పంపిన పాపం నాది. అది పండటానికి ఒక వీధికుక్క చాలింది.

వాడి పేరు చంటిగాడు. 2021 వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, నా స్కూటరు కింద దొరికాడు. అప్పట్లో మా అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం చేసేది. దాని మీటింగులన్నిట్లోనూ వెనక నుంచి మొరిగింది వీడే. తర్వాత అది మ్యూనిక్ వెళ్లింది. ఫోను చేస్తే మాతో రెండు నిమిషాలు, వాడితో ఇరవై నిమిషాలు. చివరికి ఒకరోజు తేల్చేసింది: "నాన్నా, ఈసారి వచ్చేటప్పుడు చంటిగాణ్ని తెచ్చెయ్యండి." మా వీసా తొంభై రోజులకే. వాడు మాత్రం అక్కడే ఉండిపోతాడట.

కాగితాల సంగతి నాకొకరు చెప్పాలా అనుకుంటూ, టీకాల పుస్తకం చంకలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఏటేటా వేయించిన రేబీస్ టీకా, స్టిక్కర్లు, సంతకాలు అన్నీ ఉన్నాయి. డాక్టరమ్మ పేజీలు తిప్పి, "అంకుల్, ఇవేవీ చెల్లవు" అంది.

"తేదీ దాటలేదు కదమ్మా?"

"వీడికి చిప్ లేదు కదా. చిప్ పెట్టాక వేసిన టీకానే యూరప్ వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు."

నాకు కోపం రాలేదు, భక్తి పుట్టింది. టీకా వేశారు సరే, ఎవరికి వేశారు? నిన్న పొడిపించుకున్న కుక్కా, ఇవాళ తోకాడిస్తున్న కుక్కా ఒకటేనని రుజువేది? నేనెవరు అని లోపలికి చూసుకోమన్నారు రమణ మహర్షి. వీళ్లు భుజాల మధ్య చర్మం కింద బియ్యపుగింజంత చిప్ దూర్చి ఆ విచారణ ముగించేశారు. దానికి పదిహేనంకెలు. నా ఆధార్‌కు పన్నెండే.

చిప్ పెట్టారు, టీకా మళ్లీ వేశారు. ఆపైన ముప్పై రోజులు ఆగి రక్తం తియ్యాలి. యూరప్ వాళ్లు గుర్తించిన ల్యాబులోనే పరీక్ష జరగాలి, మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్ల రేబీస్ ప్రతిరక్షకాలు తేలాలి. తేలినా బయల్దేరడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అమెరికా కుక్కలకూ జపాన్ కుక్కలకూ ఈ రక్తపరీక్ష బాధ లేదు. మన దేశం వాళ్ల జాబితాలో లేదు కాబట్టి మన కుక్కకు తప్పలేదు. కాశీ దాటి ఎరగని నాకంటే ముందే వాడి రక్తం సముద్రం దాటింది. పాసైనట్టు కబురొచ్చిన రోజు మా ఆవిడ పక్కింటికి కేసరి పంపింది.

దరఖాస్తుల్లో నన్ను తికమక పెట్టింది పుట్టిన తేదీ. సెల్లారులో దొరికినవాడికి తేదీ ఎక్కణ్నుంచి తేను? డాక్టరమ్మ వాడి పెదవి పైకెత్తి పళ్లు చూసి, వయసు అంచనా కట్టి, 15-06-2021 అని రాసేసింది. నాకు మా హెడ్మాస్టరు గుర్తొచ్చాడు. చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందితే బళ్లో చేర్చుకునే రోజులవి. నాకు అందీ అందనట్టుంటే "ఆఁ, అందిందిలే" అని జులై ఒకటి వేసుకున్నాడు. మా అమ్మేమో శ్రావణమాసం, జోరున వాన అంటుంది.

పేరు దగ్గర ఇంకో తమాషా. క్లినిక్‌లో కుర్రాడు "చంటి గాడు" అని విడగొట్టి టైపు చేశాడు. ల్యాబు వాళ్లు తమ పద్ధతి ప్రకారం రెండో ముక్కను ముందుకు తెచ్చారు. రిపోర్టులో "గాడు, చంటి" అని వచ్చింది. తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. గాడు వారి చంటి! నేను కంగారు పడితే, "నంబరు సరిపోయింది అంకుల్, పేరెవరిక్కావాలి?" అంది డాక్టరమ్మ. రంగు గడిలో ఏం రాయాలో ఇంట్లో తేలలేదు. దోరగా వేగిన పెసరపప్పు రంగు అని మా ఆవిడ. గోధుమరంగుతో సరిపెట్టాం.

ఇక విమానంలో పెట్టెకు కొలతలు. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒకటి. నేల నుంచి మోచేతి కీలు దాకా ఒకటి. మొదటిదానికి రెండోదానిలో సగం కలిపితే పెట్టె పొడుగు. ఎత్తేమో నిలబడ్డప్పుడు తల దాకానో చెవి కొస దాకానో, ఏది పైనుంటే అది. మా ఆవిడ కుట్టుమిషను టేపు పట్టుకుంది, నేను వాణ్ని నిలబెట్టాను. "కదలకురా చంటీ" అంటే చాలు, పేరు వినగానే చెవులు నిక్కబొడుస్తాడు. రెండంగుళాలు పెరిగాడు. ఊరుకుంటే తగ్గాడు. చివరికి వంటింట్లో బిస్కెట్ పొట్లం చప్పుడు చేయించి, ఆ మహోన్నత దశలో కొలిచాం.

ఆఖరిది ఆరోగ్య ధ్రువపత్రం. అక్కడ దిగే నాటికి పది రోజులకు మించి పాతబడకూడదు. ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ ఉండాలి. సంతకం రంగు అచ్చు రంగుకు వేరుగా ఉండాలట! ఈ ముక్క నాకు సర్వీసులో ఉండగా తెలియలేదు. తెలిసుంటే ఇంకెంతమందిని వెనక్కి పంపేవాణ్నో.

ఆ పత్రం కోసం వాణ్ని తీసుకెళ్తే, అక్కడి ఆఫీసరు స్కానరు వాడి వీపు మీద ఆనించాడు. కీచుమంది. పదిహేనంకెలూ వేలు పెట్టి చదివాడు. టీకా, రక్తం, తేదీలు అన్నీ చూసి, "కుక్కది పర్ఫెక్ట్ సార్" అన్నాడు. తర్వాత నా కాగితాలు తీశాడు. "పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. టీకాల పుస్తకంలో ఓనరు పేరుకు అసలు ఇంటిపేరే లేదు. ఈ ముగ్గురూ మీరేనని చిన్న అఫిడవిట్ తెచ్చేయండి."

బయట చెట్టు కింద టైపు కుర్రాడు "పుట్టిన తేదీ చెప్పండి" అన్నాడు. నాలుగు నెలలుగా రాసి రాసి నోటికొచ్చేసిన తేదీ గడగడా చెప్పేశాను. పదిహేను, ఆరు, రెండువేల ఇరవై ఒకటి. కుర్రాడు టైపు ఆపి నా బట్టతల వంక చూశాడు.