కోసిగిలో సదస్సు పెట్టండి

పిల్లల హక్కుల కోసం దేశదేశాల మానవ హక్కుల సంస్థలు చేయీ చేయీ కలపాలట. ఎక్కడ సదస్సు జరిగినా ఇదే తీర్మానం, అదీ ఏకగ్రీవంగా. వాళ్ల సంగతేమో గానీ, పిల్లల చేత పని చేయించడంలో అంతర్జాతీయ సహకారం మా కర్నూలుకు ఎప్పుడో వచ్చేసింది.

విత్తనాల కోసం పండించే సీడు పత్తినే చూడండి. పెట్టుబడి బహుళజాతి కంపెనీది, చేను మన రైతుది, నడుమ ఆర్గనైజరు. సాయంత్రం ఆడ పత్తి మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయడానికి, పొద్దున్నే మగ పూవు తెచ్చి రుద్దడానికి బడి మానిన ఆడపిల్ల వేళ్లు. హైదరాబాద్ పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో నెదర్లాండ్స్ ఇండియా కమిటీకి రాసిన నివేదికలో ఈ గొలుసంతా బయటపడింది. కంపెనీకి తెలిసింది ఆర్గనైజరు, ఆర్గనైజరుకు తెలిసింది రైతు, రైతుకు తెలిసింది తండ్రి తీసుకున్న అడ్వాన్సు. పిల్ల మాత్రం ఎవరికీ తెలియదు!

కేంద్ర సర్కారు కూడా తక్కువ తినలేదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 1992 డిసెంబరులో చేరుతూ, బాలల శ్రమ గురించిన 32వ అధికరణం దగ్గర ఓ ప్రకటన తగిలించింది: రకరకాల కారణాల వల్ల ఇక్కడ పిల్లలు పనిచేస్తున్నారు, వనరులనూ అంతర్జాతీయ సహకారాన్నీ బట్టి మెల్లమెల్లగా చూసుకుంటామని. పనికి కనీస వయసు చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 138వ ఒప్పందం పుట్టింది 1973లో, మనం ధ్రువీకరించింది 2017లో. అప్పటికి ఒప్పందానికే 44 ఏళ్లు. కనీస వయసు దాటి చాలా కాలమైంది. ముందుజాగ్రత్తగా 2016లోనే చట్టం సవరించి, బడి అయ్యాక ఇంటివాళ్ల పనిలో సాయపడొచ్చని తలుపు ఓరగా తీసి పెట్టుకున్నాం.

కర్నూలు నుంచి వలస పోయేవాళ్లనే గానీ వచ్చేవాళ్లను మేమెన్నడూ ఎరగం. 2021లో ఆ వింతా జరిగింది. హైదరాబాద్ నుంచి రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కర్నూలుకు వలస వచ్చింది. అటు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు జనం మాత్రం యథాప్రకారం గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతూనే ఉన్నారు, పిల్లల్ని వెంటేసుకుని. ఆ పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టల్ తెరవాలంటే ఫైలు కదలాలి. కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీ వ్యానుకు ఫైలక్కర్లేదు, డీజిల్ చాలు.

అందుకే ఓ మనవి. వచ్చే సదస్సు జెనీవాలో వద్దు. మిరప కోతల కాలంలో కోసిగి బడిలో పెట్టండి. గదులు దండిగా ఖాళీ ఉంటాయి, బాడుగ అడిగేవాళ్లుండరు. ఒక్కటే చిక్కు: పిల్లల గురించి మాట్లాడదామంటే అక్కడ పిల్లలుండరు. అయినా ఇన్నాళ్లూ ఆ లోటు ఏ సదస్సుకు అడ్డొచ్చింది గనక!