ఎక్సెల్‌లో ఎర్ర కారు

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాడు మోసపోతే ఎవరూ జాలిపడరు. నిజానికి నన్నెవరూ మోసం చేయలేదు. ఆ పని నేనే, ఎక్సెల్ షీటు ముందేసుకుని, పద్ధతిగా చేసుకున్నాను.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక మజ్దా మియాటా మీద మనసుపడింది. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన కారు. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, స్విచ్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. ఆ లేచే లైట్లు 1997 మోడల్‌తో పోయాయి. నాకు అవే కావాలి.

న్యాయమైన ధరెంతో తేల్చాలిగా! కనబడ్డ ప్రకటనలన్నీ ఏరి, తయారైన ఏడాది, తిరిగిన మైళ్ళు, ధర ఎక్కించి, చుక్కల మధ్య గీత గీశాను. ముచ్చటైన గీత. అయితే అందులో ఉన్నవన్నీ అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు, ఎవరూ ఇచ్చినవి కావు. పైగా సరైన ధర పెట్టిన కారు ఒకటి రెండు రోజుల్లో అమ్ముడైపోతుంది, ప్రకటన మాయమవుతుంది. నెలల తరబడి అక్కడే పడి ఉండేవి ఎవరూ కొననివి. అంటే నేను లెక్కగట్టింది అమ్ముడుపోని కార్ల సగటు. నమూనా ఎంపికలో పక్షపాతం గురించి పరీక్షలో పదేసి మార్కుల జవాబులు రాసినవాణ్ణి!

పాత కార్లకు విలువకట్టే హాగర్టీ మా మిషిగన్‌దే. ఒకే మోడల్‌కు కారు స్థితిని బట్టి నాలుగు ధరలు చెబుతుంది. ఆ స్థితి కాలమ్ నా షీటులోనూ ఉంది. మొదటి గడిలో 'మూడు, బాగుంది' అని కొట్టి, మూల పట్టుకుని కిందిదాకా లాగేశాను.

ఒక పెద్దాయన తన కారుకు తొమ్మిదిన్నర వేల డాలర్లు చెప్పాడు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో, టాపు ఎప్పుడు వేయించారో, అన్ని రసీదులూ ఫైలులో పెట్టి చూపించాడు. "మీ కారు నా గీతకు రెండున్నర వేలు పైన ఉందండీ" అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నవ్వి ఫైలు మూసేశాడు.

నేను కొన్నది ఇంకో ఎర్ర కారు, 5,800కి. గీత ప్రకారం 7,000. పన్నెండొందలు మిగిలాయని ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఏవీ, ఇలా ఇవ్వండి" అంది.

చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మియాటాలో టాపు మీద పడిన వాన కిందికి పోవడానికి సీట్ల వెనక రెండు పక్కలా సన్నటి దారులుంటాయి. వాటిలో ఆకులు, మట్టి చేరితే నీళ్ళు తలుపుల కింది రాకర్ ప్యానెళ్ళలోకి దిగి నిలుస్తాయి. లోపల్నుంచి నీళ్ళు, బయట్నుంచి ఉప్పు: రేకు బతకదు. నా కారు అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ వేసి ఉంది. ఎంత శ్రద్ధ అనుకున్నాను. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిస్తే, రంగూ లప్పమూ పెచ్చులుగా ఊడి, కన్నంలోంచి నేల కనబడింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకెళ్ళి అక్కడ ఆనించినా తెలిసేది; లప్పానికి అది అంటుకోదు. కొనేముందు లిఫ్ట్ ఎక్కించి చూపించుకోవడానికి రెండొందల డాలర్లు దండగని మానేశాను.

మా నాన్న సంతలో ఎద్దును కొంటే పళ్ళు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి చూసేవాడు. ఆ తర్వాతే తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుని బేరం. నేను ముందే తువ్వాలు కప్పేశాను.

కొత్త ప్యానెళ్ళు వెల్డింగ్ చేయించి, బెల్టూ టైర్లూ మార్పించేసరికి ఆ పెద్దాయన చెప్పిన ధర ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు ఇన్సూరెన్సు. ఇలాంటి కార్లకు విలువ ముందే ఒప్పుకుని పాలసీ ఇస్తారు. "మీ కారు విలువ ఎంతనుకుంటున్నారు?" అని అడిగారు. బిల్లులన్నీ కూడి 13,400 అని రాశాను. అడుగుభాగం ఫోటోలు తెప్పించుకుని చూసి, మాకంత తోచడం లేదన్నారు. ఊరుకుంటానా? జనం ఎక్కువెక్కువ అడుగుతున్న ప్రకటనలన్నీ ఏరి, కొత్త గీత గీసి పంపాను.