కోడ్ లేకపోతే లోపం లేనట్టేనా?

ఎండాకాలం మొదలైతే చాలు, ఆటోనగర్ షెడ్లలో ఈ కంప్లయింటు రోజూ వినిపిస్తుంది. "బండి ఎండలో పెట్టి తలుపు తీస్తే గుప్పున పెట్రోలు వాసన కొడుతోందయ్యా" అంటాడు కస్టమరు. ఆయన మాట పూర్తికాకముందే కుర్రాడు స్టీరింగు కింద స్కానర్ గుచ్చేస్తాడు. స్క్రీను వంక చూస్తాడు, కస్టమరు మొహం వంక చూడడు. "కోడ్స్ ఏం లేవు సార్, బండి పర్ఫెక్టు" అని వైరు పీకేస్తాడు. మరి వాసన సంగతి? "పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా సార్, అందుకే." కస్టమరు పట్టుకొచ్చిన వాసనను పట్టుకునే ఇంటికి పోతాడు.

మా రోజుల్లో ఇలా పంపిస్తే మా మేస్త్రీ వీపు విమానం మోత మోగించేవాడు. వాసన అంటే ముందు ప్రశ్నలు. ఎప్పుడొస్తోంది? పొద్దున్నే తీసినప్పుడా, ఎండలో నిలబెట్టాకా, ఇంజిన్ ఆపిన కాసేపటికా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడేనా, సగానికి దిగాక కూడానా? ఒక్కో జవాబుకీ బండిలో ఒక్కో చోటు ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడే వస్తే ట్యాంకు పైభాగం చూడాలి: గేజి యూనిట్ కింది ప్యాకింగో, పెట్రోలు పోసే గొట్టం దగ్గర రబ్బరో. ఇంజిన్ ఆపాక వస్తే కార్బొరేటర్ ఫ్లోటు గది. జవాబులు విన్నాకే స్పానర్ చేతిలోకి వచ్చేది. ఆ తర్వాత ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పైపు వెంబడి వేలితో తడుముకుంటూ, ముక్కు దగ్గర పెట్టి చూసుకుంటూ పోయేవాళ్లం.

అప్పటి బండ్లు గొప్పవని నేననడం లేదు. అంబాసిడర్‌కి మే నెలలో ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేయనిదే ప్రకాశం బ్యారేజీ దాటుతుందన్న నమ్మకం ఉండేది కాదు. ఇంజిన్ వేడికి పెట్రోలు పంపులోనే మరిగి ఆవిరైపోయేది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు, బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. స్కూటరు పెట్రోలు మూతకి గాలి పోయే చిన్న బెజ్జం ఉండేది. అది దుమ్ముతో పూడిపోతే కొంతదూరం పోయి ఇంజిన్ ఆగేది. మూత తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి పోయేది, మళ్లీ కిక్కు కొడితే స్టార్టయ్యేది. దానికి మందు పిన్నీసు ఒక్కటే. కానీ అదే బెజ్జంలోంచి రోజంతా ఆవిరి బయటికి పోతూనే ఉండేది. ట్యాంకు నుంచి, కార్బొరేటర్ నుంచి ఎంత పోయిందో అడిగే నాథుడు లేడు.

ఆ లెక్క అడిగినవాళ్లు అమెరికాలో ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే మసకకి కారణం ఏమిటని 1950ల మొదట్లో కాల్‌టెక్‌లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. పెట్రోలు ఆవిరీ, నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని చూపించాడు. అంటే బండి నడవకపోయినా, ఊరికే ఎండలో నిలబడి ఉన్నా గాలిని పాడుచేస్తుందన్నమాట. ఏ అదుపూ లేని పాత కార్లలో హైడ్రోకార్బన్ల కాలుష్యంలో దాదాపు ఐదో వంతు ఇలా ఆవిరి రూపంలోనే పోయేదని లెక్కగట్టారు. అందుకే కాలిఫోర్నియాలో 1970 మోడళ్ల నుంచి, మరుసటి ఏడాది అమెరికా అంతటా ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

ఆ ఏర్పాటు మీద నాకు చాలా గౌరవం. ఒక ప్లాస్టిక్ డబ్బా, దాన్నిండా యాక్టివేటెడ్ బొగ్గు. దాని పేరు కానిస్టర్. ట్యాంకులో పుట్టిన ఆవిరి పైపు గుండా వచ్చి ఆ బొగ్గుకి అంటుకుంటుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే, మ్యానిఫోల్డు వాక్యూమ్ ఆ ఆవిరిని లాగి ఇంజిన్లోనే కాల్చేస్తుంది. లాగినంత మేరా బయటి గాలి వెంట్ వైపు నుంచి వచ్చి బొగ్గును మళ్లీ ఖాళీ చేస్తుంది. వృథాగా పోయే పెట్రోలు బండికే పనికొస్తోంది. ఇంత చక్కటి పనిముట్టును ఇవాళ్టి వాళ్లు పట్టించుకోకపోవడమే నా కడుపుమంట.

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లన్నిట్లో ఓబీడీ-2 అనే స్వయం పరీక్ష ఏర్పాటు వచ్చింది. బండి తన ఆవిరి గొట్టాలను తానే పరీక్షించుకుంటుంది. వెంట్ వాల్వ్ మూసి, పర్జ్ వాల్వ్ తెరిచి ట్యాంకులో కొంచెం వాక్యూమ్ చేసుకుంటుంది. ఆపైన రెండూ మూసేసి, ఆ వాక్యూమ్ ఎంతసేపు నిలుస్తుందో ట్యాంకు ప్రెజర్ సెన్సర్‌తో చూస్తుంది. కొన్ని కంపెనీలు ఇంకో దారి పట్టాయి. టొయోటాలు కొన్ని బండి ఆపేసిన 5 గంటలకి, అందరూ నిద్రపోయాక, ఒక చిన్న పంపు వేసుకుని పరీక్ష చేసుకుంటాయి. ముందు 1 మిల్లీమీటరు బెజ్జాన్ని పట్టుకుంటే చాలన్నారు, 2000 నుంచి అర మిల్లీమీటరుకి దించారు. పి 0455 అంటే పెద్ద లీకు, పి 0442 అంటే చిన్నది, పి 0456 అంటే మరీ చిన్నది.

ఇంత తెలివి బండికి పెట్టారు. కానీ లీకు ఉందని చెప్పగలదే గానీ, ఎక్కడుందో ఆ కోడ్ చెప్పదు. చోటు వెతకాల్సింది మనిషే. డాలస్‌లో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు అల్లుడిగారి కారుకి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, పి 0456. ఆ కౌంటీలో ఎమిషన్ పరీక్ష ఉంది, లైటు వెలుగుతుంటే పాస్ చేయరు. ఒక షాపు వాళ్లు పెట్రోలు మూత మార్చి, కోడ్ చెరిపి పంపారు. కొన్నాళ్లకి లైటు మళ్లీ వచ్చింది. ఈసారి పర్జ్ వాల్వ్ మార్చి మళ్లీ చెరిపారు. రెండు బిల్లులూ ఆయనే కట్టారు. లైటు మూడోసారి వచ్చాక ఆయన ఈ సంగతి నాతో చెప్పారు.

"బాబూ, ఈ మధ్య ట్యాంకు ఎవరన్నా విప్పారా?" అని అడిగాను.

"విప్పారు మామయ్యగారూ, పెట్రోలు పంపు పోతే మార్పించాం. పోయినేడు."

"మార్చాక ఈ లైటు ఎప్పుడన్నా వచ్చిందా, అంతకు ముందే ఉందా?"

"అంతకు ముందెప్పుడూ లేదండీ. ఆ పని అయ్యాకే."

వేరే షాపుకి తీసుకెళ్లి స్మోక్ టెస్టు చేయమన్నాం. మినరల్ ఆయిల్ పొగను ఒక పీఎస్ఐ కంటే తక్కువ ఒత్తిడితో లైన్లోకి వదిలారు. టార్చి లైటు పట్టుకుని అటూ ఇటూ చూస్తే, ట్యాంకు మీద పంపును పట్టి ఉంచే లాక్ రింగు పక్క నుంచి సన్నటి పోగు పైకి లేస్తోంది. విప్పి చూస్తే కింద ఓ-రింగు ఒక పక్క మడతపడి నొక్కుకుపోయి ఉంది. కొత్త రింగు వేశాక మళ్లీ లైటు రాలేదు. ముందటి షాపులో స్మోక్ మెషీన్ గోడవారనే ఉందని అల్లుడిగారే చెప్పారు. మెషీన్ ఉండి కూడా వాడకపోతే ఎవర్ననాలి?

కోడ్ చెరపడాన్ని రిపేరు అనే అలవాటు మరీ ఘోరం. ఈ ఆవిరి పరీక్ష ఎప్పుడంటే అప్పుడు జరగదు. బండి రాత్రంతా చల్లబడి ఉండాలి, ట్యాంకు సుమారుగా 15 శాతానికి పైన, 85 శాతానికి లోపల ఉండాలి, బయట మరీ వేడీ మరీ చలీ ఉండకూడదు. పైగా వరసగా రెండుసార్లు తప్పితేనే మామూలుగా లైటు వెలుగుతుంది. అంటే చెరిపాక కొన్ని రోజులు లైటు రాదు, ఈలోగా డబ్బులు చేతులు మారతాయి. పని అయిందో లేదో తేల్చుకోవాలంటే ఆవిరి పరీక్ష (మానిటర్) పూర్తయిందా అని స్కానర్లోనే చూడొచ్చు. ఆ పేజీ ఒకటుందని కూడా చాలామంది కుర్రాళ్లకి తెలియదు.

ఇక మన దగ్గరి సంగతి. ఇక్కడే నాకు ఎక్కువ బాధ. మనం యూరప్ నిబంధనల్ని తెచ్చుకున్నాం, అమెరికావి కాదు. ఆ పద్ధతిలో ఆవిరి లైన్ విషయంలో బండి కనీసంగా చూసుకోవాల్సింది పర్జ్ వాల్వ్ కరెంటు సర్క్యూట్ ఒక్కటే. వైరు తెగితే పి 0444, షార్టయితే పి 0445. గొట్టం చీలినా, మూత రబ్బరు ఎండిపోయినా, కానిస్టర్ పగిలినా చాలా బండ్లలో లైటు వెలగదు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక కూడా ఇదే వరస. కాబట్టి మన ఊళ్లో "కోడ్ లేదు, లోపం లేదు" అనడం శుద్ధ అబద్ధం. అమెరికా వాడికి బండి చెబుతుంది, మనకి మన ముక్కే చెప్పాలి. ముక్కు వాడాల్సిన దేశంలో ముక్కు వాడటం మానేశారు.

ఆవిరికి పరిమితి మనకీ ఉంది, కార్లకి ఒక టెస్టుకి 2 గ్రాములు. మూసిన గదిలో బండి పెట్టి కొలుస్తారు. ఆ గదిలో పగటి వేడి కింద 20 నుంచి 35 డిగ్రీల దాకా పెంచుతారు. 35 డిగ్రీలంటే బెజవాడలో మే నెల పొద్దున తొమ్మిదింటికే దాటేస్తుంది. మధ్యాహ్నం 45కి పోయినప్పుడు, తారురోడ్డు మీద నిలబెట్టిన కారు ట్యాంకులో ఎంత ఆవిరి పుడుతుందో ఆలోచించండి. అలాంటిచోట గొట్టాలు, క్లాంపులు, రబ్బర్లు అన్నిటికంటే ముందు చూడాలి. మన సర్వీసు జాబితాల్లో ఏసీ పరిమళానికి చోటుంది గానీ కానిస్టర్ గొట్టానికి లేదు.

చూడటం ఏమంత కష్టమని? ఫుల్ ట్యాంకు కొట్టించగానే స్టార్టవడానికి మొరాయిస్తోంది, కాసేపు ముక్కుతూ తిరుగుతోంది అంటే మొదట పర్జ్ వాల్వ్‌నే అనుమానించాలి. ఇంజిన్ చల్లగా ఐడ్లింగ్‌లో ఉండగా కానిస్టర్ నుంచి వచ్చే గొట్టం వాల్వ్ దగ్గర ఊడదీసి, వాల్వ్ మూతికి వేలు అడ్డం పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు అది లాగకూడదు. వేలిని లోపలికి పీలుస్తుంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయిందన్నట్టే. కరెంటు సర్క్యూట్ బాగానే ఉంటుంది కాబట్టి స్కానర్ నోరెత్తదు. ఆ వాల్వ్ ఊడదీసి తెల్లకాగితం మీద తట్టండి. నల్లటి బొగ్గు నలుసులు రాలాయంటే అసలు లోపం కానిస్టర్లో ఉంది. లోపలి బొగ్గు చితికి, లైన్లోకి కొట్టుకొచ్చి వాల్వ్‌లో ఇరుక్కుంది. కానిస్టర్ చూడకుండా కొత్త వాల్వ్ బిగిస్తే కొత్తదానికీ అదే గతి. మన షెడ్లలో రోజూ జరిగేది ఇదే. మూడు నెలలకో వాల్వ్ మార్చి, "ఈ మోడలే ఇంత సార్" అంటారు.

లీకు వెతకడానికి కంప్రెసర్ గాలి ట్యాంకులోకి కొట్టేవాళ్లనీ చూశాను. వద్దురా నాయనా. షెడ్డు కంప్రెసర్లో వంద పౌండ్ల ఒత్తిడి ఉంటుంది, ఈ లైన్లు ఒక పౌండు కంటే ఎక్కువ చూడకూడదు. పైగా గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన చోట ఒక్క రవ్వ చాలు. స్మోక్ మెషీన్ కొనలేని షెడ్డులో చేతి వాక్యూమ్ పంపు, గేజి ఉంటే చాలు. ఒక్కో గొట్టం విడిగా మూసి ముల్లు పడిపోతోందా చూడొచ్చు.

కానిస్టర్ ఎందుకు చెడుతుందో కూడా ఎవరూ చెప్పరు. బంకులో నాజిల్ టక్కుమని ఆటో కట్ అవుతుంది. ట్యాంకు నిండిందని దాని అర్థం. అక్కడితో ఆపరు. "రౌండ్ ఫిగర్ చేసేయనా సార్?" అని బంకు కుర్రాడు, "చెయ్ చెయ్" అని బండాయన. పైన ఆవిరి కోసం వదిలిన ఖాళీ కూడా పెట్రోలుతో నిండిపోతుంది. అది ఆవిరి పైపు గుండా నేరుగా కానిస్టర్లోకి దిగుతుంది. ఆవిరిని పట్టాల్సిన బొగ్గు ద్రవంలో నానుతుంది. ముప్ఫై రూపాయల చిల్లర సరిపెట్టుకోవడానికి వేల రూపాయల కానిస్టర్‌ని బలిపెడుతున్నారు. ఆటో కట్ పడితే నాజిల్ బయటికి తీయించండి, చిల్లర ఫోన్ పేలో పోతుంది.

మోటార్ సైకిళ్ల సంగతి చెబితే రక్తం ఉడుకుతుంది. బీఎస్-4 వచ్చినప్పటి నుంచి వాటికీ చిన్న కానిస్టర్ పెడుతున్నారు. రోడ్డు పక్క షెడ్డులో దాన్ని పీకి, గొట్టం చివర మేకో బోల్టో బిగించి, "పికప్ పెరుగుద్ది, మైలేజ్ పెరుగుద్ది" అని పంపిస్తున్నారు. ఏదీ పెరగదు. కాలాల్సిన పెట్రోలు గాలిలోకి పోతుంది, ట్యాంకుకి గాలి దారి మూసుకుపోయి బండి మొరాయించినా మొరాయిస్తుంది. ఆ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. దాన్ని మొట్టమొదట పీల్చేది ఆ షెడ్డులో పొద్దస్తమానం కూచునే కుర్రాడే. ఆ కుర్రాళ్ల మీద కోపంతో కాదు, వాళ్ల ఊపిరితిత్తుల మీద బెంగతో అంటున్నాను.

దీనికి ప్రభుత్వం చేయగలిగింది ఉంది. ఇప్పుడు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్ దగ్గర సైలెన్సర్లో గొట్టం దూర్చి చూస్తారు, అంతే. పొగ చూస్తారు, ఆవిరి చూడరు. మూత రబ్బరు ఎండి పెచ్చులూడుతున్నా, కానిస్టర్ లేకపోయినా చేతికి కాగితం వస్తుంది. మెషీన్లు కొత్తవేం కొనక్కర్లేదు. సైలెన్సర్లో గొట్టం ఉన్నంతసేపట్లోనే పెట్రోలు మూత తీయించి రబ్బరు చూడొచ్చు, గొట్టాలు ఊడి వేలాడుతున్నాయేమో చూడొచ్చు. మోటార్ సైకిల్ అయితే వంగి చూడాలి. కానిస్టర్ ఉండాల్సిన చోట ఖాళీ బ్రాకెట్టు కనిపిస్తే సర్టిఫికెట్ ఇవ్వకూడదు.