చదవనక్కర లేని పుస్తకం

‘కేజీఎఫ్’ సినిమాలో ఆనంద్ ఇంగళగి అనే పెద్దాయన ‘ఎల్ డొరాడో’ అని పుస్తకం రాస్తాడు. సర్కారు దాన్ని నిషేధించి తగలబెట్టిస్తుంది. ఎలాగో మిగిలిన ఒక్క ప్రతిని టీవీ చానల్‌వాళ్లు ముందు పెట్టుకుని ఆయన చేత కథంతా చెప్పిస్తారు. 2018 డిసెంబరు నుంచి కోలారు జిల్లాలోని మా టేకల్ కుర్రాళ్లకు ఆ కథ తెలుగులోనూ కన్నడలోనూ కంఠతా. రెండో భాగం 2022 ఏప్రిల్ 14న వస్తుందనగా నిర్మాతలు ఇంకో కబురు చెప్పారు. ‘కేజీఎఫ్‌వర్స్’ అని ఒక మెటావర్స్ కడుతున్నారట. అందులోకి పోవాలంటే ఎల్ డొరాడో పుస్తకం పేరుతోనే డిజిటల్ టోకెన్లు కొనుక్కోవాలట.

పుస్తకం అన్నారు గదా, నాకు ఆశ పుట్టింది. ‘‘పేజీలెన్ని రా?’’ అని మా తమ్ముడి కొడుకును అడిగాను.

‘‘అది చదివేది కాదు పెదనాయనా, పెట్టుకునేది’’ అన్నాడు వాడు, జాలిగా.

సినిమాలకూ సీరియళ్లకూ తోకలుగా వచ్చే నవలలు నేనూ కొన్ని చదివాను. చప్పగా ఉంటాయి. అయినా చప్పగా ఉందని తిట్టడానికి వాటిలో అక్షరాలైనా ఉండేవి. ఈ పుస్తకం ఆ అవకాశం కూడా ఇవ్వదు. చెదలు పట్టదు. అరువు తీసుకుపోయి ఎగ్గొట్టేవాడు లేడు. రేపు ఇంగళగిని మళ్లీ నిషేధించినా పాపం సర్కారుకు కాల్చడానికి కాగితం దొరకదు.

ఇంత మంచి వ్యాపారం సినిమాలోని బంగారు గని నరాచికేనా? మా టేకల్ చుట్టూ ఉన్నవన్నీ గుండ్లే. గుండుకో టోకెను పెడితే మా హోబళీ అంతా కోటీశ్వరులం. రాళ్లు కొట్టే మా చిన్నాయనకు ఈ కిటుకు విడమరిచి చెప్పాను.

‘‘గుండును కొన్నోడు ఎత్తుకపోడా?’’

‘‘ఎత్తుకపోడు.’’

‘‘అయితే లారీ బాడుగ లేదు.’’

‘‘లేదు.’’

‘‘పగలగొట్టేది?’’

‘‘అదీ లేదు.’’

ఆయన సుత్తి కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. ‘‘మరి నా కూలి?’’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ టోకెన్లు అమ్మినవాళ్లను అడగండి, వాళ్ల దగ్గరా ఉండదు. కేజీఎఫ్ అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. ఆ మూడక్షరాల్లో మిగిలినదంతా అమ్ముడుపోతుంది, కూలి ఒక్కటే ఎవరికీ పట్టదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగినప్పటి నుంచి ఉత్తర ఆర్కాటు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చినవాళ్లు ఆ బొరియల్లోకి దిగారు. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయి, రాయి పేలితే అక్కడే పోయారు. 800 టన్నులకు పైగా బంగారం పైకి పంపారు. సైన్సు కల్పన కావాలా? 1965లో మన శాస్త్రవేత్తలు ఆ చీకట్లోనే కూర్చుని వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. అది కల్పన కాదు, అందుకే కాబోలు దానికి టోకెను లేదు.

2001 ఫిబ్రవరి 28న గని మూశారు. మిగిలినవి సైనైడు దిబ్బలు. వాటి మీద సినిమా తీశారు, గాలి లేస్తే వాటి దుమ్ము కార్మికుల లైన్ల ఇళ్లలో ఉన్నవాళ్ల గిన్నెల్లో పడుతుంది. లేని నరాచిలో అడుగు పెట్టే హక్కును 2022లో డబ్బుకు అమ్మారు. కేజీఎఫ్‌లో నిజంగా ఉన్న ఉరిగాంలో, తాతల నాటి నుంచి కాపురమున్న ఒంటి గది ఇల్లు తమ పేర రాసిమ్మని, రావలసిన బకాయిలు ఇమ్మని, ముసలి కార్మికులు ఇరవై ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు. సిగ్గుండాలి. నిర్మాతలకు మాత్రమే కాదు, ఆ అర్జీలు తీసుకుని బీరువాలో పెట్టుకున్న ప్రతి సర్కారుకూ ఉండాలి.

ఆ పుస్తకం నిజంగా చదవాలనుకునేవాళ్లు తెల్లవారుజామున టేకల్ స్టేషనుకు రండి. గని మనుషుల బిడ్డలు బెంగళూరు కూలికి పోయే మారికుప్పం రైలు ఆగుతుంది. కూర్చోవడానికి చోటుండదు, నిలబడే చదవాలి.