ఛాతీ ఫోటో బాగా వచ్చింది

భిలాయ్ క్యాంప్ 2లో ఒక మనిషికి లంగ్ క్యాన్సర్ లేదని తేల్చడం చాలా సులువు. ఒక షామియానా, రెండు టేబుళ్లు, ఒక ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీ ఉంటే చాలు. పొద్దున్నే పరగడుపున రక్తమిచ్చి, చొక్కా విప్పి, ఊపిరి బిగబట్టి ఛాతీ ఫోటో తీయించుకుంటే సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది. అడుగున రెండే ముక్కలు: ఆల్ నార్మల్. ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్ల దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పవర్ హౌస్ వైపు నడిచి, పాన్ ఠేలా దగ్గర ధీమాగా బీడీ ముట్టిస్తాడు. ‘లోపల ఏటీ లేదని డాక్టరే రాసిచ్చాడు కదేటి’ అంటాడు. ఆయన తప్పేమీ లేదు. కాగితం చెప్పింది నమ్మాడు.

నాకు ఎక్స్‌రే మీద పగ లేదు. న్యుమోనియాను చూపిస్తుంది, విరిగిన ఎముకను చూపిస్తుంది, దగ్గుతో వచ్చినవాడికి మొదట తీయాల్సిందీ అదే. కానీ ఏ బాధా లేని మనిషిలో క్యాన్సర్‌ను ముందే పట్టి చావు తప్పించే పరీక్షలో అది తప్పి చాలాకాలమైంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 1971లో మొదలుపెట్టి, సిగరెట్లు బాగా తాగే మగవాళ్లను తొమ్మిది వేల మందికి పైగా తీసుకుని, సగం మందికి నాలుగు నెలలకోసారి ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. క్యాన్సర్లు ఎక్కువ బయటపడ్డాయి గానీ చావులు తగ్గలేదు. చాలదనుకుని మరో అధ్యయనంలో 1,54,901 మంది మీద పరీక్షించి, ఏటేటా తీసిన ఎక్స్‌రే ఒక్క ప్రాణాన్నీ అదనంగా నిలబెట్టలేదని 2011లో తేల్చారు. ఈ కబురు మన షామియానాకు ఇంకా చేరలేదు. బహుశా దుర్గ్‌లో రైలు ఆగిపోయి ఉంటుంది.

ఇంకొంచెం డబ్బు పెట్టగలిగినవాళ్లకు ‘ప్రీమియం’ ఉంది. అందులో ట్యూమర్ మార్కర్ అని ఒక రక్తపరీక్ష, సీఈఏ. పొగ తాగేవాళ్లలో క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది, చిన్న క్యాన్సర్ నిజంగా ఉన్నప్పుడు పెరగకుండానూ ఊరుకుంటుంది. మోకాలికీ బోడిగుండుకూ ముడి వేసి, ఆ ముడికి బిల్లు వేయడమంటే ఇదే.

‘గుడ్డి కన్నా మెల్ల నయం కదండీ, ఏదో ఒకటి చేస్తున్నారు’ అంటారు పెద్దమనుషులు. నయమే, ఆ మెల్లకన్ను ‘నాకు సరిగా ఆనలేదు’ అని ఒప్పుకుంటే. ఇదేమో ‘చూశాను, ఎవరూ లేరు’ అని సంతకం చేసిస్తోంది. ప్రభుత్వం చేసే స్క్రీనింగులో ముప్ఫై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు చూస్తారు. ఊపిరితిత్తుల ఊసు లేదు. షామియానా వెలిసింది ఆ ఖాళీ జాగాలోనే.

పనికొచ్చే పరీక్ష ఒకటుంది. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్. సిగరెట్లు బాగా తాగిన 53,454 మందిని రెండు జట్లు చేసి, ఏడాదికోసారి మూడుసార్లు పరీక్షిస్తే, సీటీ జట్టులో లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. ఓడిన జట్టుకు తీసిందేమిటో తెలుసా? మన ఛాతీ ఫోటోయే. సీటీకి దాని తంటాలు దానికున్నాయి. ఆ అధ్యయనంలోనే స్కాన్లలో దాదాపు నాలుగో వంతు ‘ఏదో ఉంది’ అన్నాయి, అలా అన్నవాటిలో నూటికి తొంభై ఆరు ఉత్త భయాలు. పాత టీబీ మచ్చలు ఇంటింటా ఉన్న మన దగ్గర ఆ భయాలు ఇంకా పెరుగుతాయి. అందుకే అది అందరికీ తీసేది కాదు, ముప్పు ఎక్కువున్నవాళ్లను ఏరి తీయాల్సింది.

ఆ ఏరడంలోనే అసలు తమాషా. అమెరికా వాళ్ల లెక్క ప్రకారం వయసు 50 నుంచి 80, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు తాగి ఉండాలి, మానేసి పదిహేనేళ్లు దాటకూడదు. పెట్టెకు ఇరవై సిగరెట్లు. మన మావ తాగేది బీడీ కట్టలు. ఆయన్ని సికాకుళం నుంచి వెంట తెచ్చుకున్న తల్లి అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. ఏ ఫారంలో ఏ గడిలో రాస్తారు దాన్ని? ఇక కోక్ ఓవెన్ పొగకైతే గడే లేదు. కోక్ తయారీ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి గ్రూపులోనే రాసింది. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఓవెన్ల నెత్తి మీద ఐదేళ్లకు పైగా పూర్తికాలం పనిచేసినవాళ్లకు లంగ్ క్యాన్సర్ ముప్పు పదింతలని 1971లోనే లెక్క తేలింది. భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా వెలిగింది 1959లో. ఆ ప్లాంటు కట్టడానికి వచ్చిన కూలీల గుడిసెలే ఈ క్యాంపులు. మొదటి తరం వాళ్లు ఇంకా పనిలో ఉండగానే విషయం తెలుసన్నమాట.

చట్టానికీ తెలుసు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-సి సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పనుల జాబితాలో ఉక్కునూ చేర్చారు, కోకునూ చేర్చారు. పనిలో పెట్టేముందు, పనిలో ఉండగా, పని మానేశాక కూడా పన్నెండు నెలలు మించకుండా వైద్య పరీక్ష చేయించాలంది. మానేశాక కూడా! ఈ జబ్బు ఇరవై ముప్ఫై ఏళ్లకు తలెత్తుతుంది కాబట్టి ఎవరో బుద్ధిమంతుడే ఆ మాట రాయించి ఉంటాడు. ముగ్గురు ఠేకేదార్లు మారి, నాలుగో పేరు మీద హాజరు వేయించుకున్న ఠేకా కూలీని పని మానేశాక ఎవరు పిలుస్తారు? ఏ ఠేకేదారు?

పిలిచేది షామియానా ఒక్కటే, అందులోనూ నవంబరులో, లంగ్ క్యాన్సర్ అవగాహన మాసం కాబట్టి. తెల్ల రిబ్బన్లు పంచుతారు, కార్పొరేటర్ గారితో సెల్ఫీలుంటాయి. ఈసారి టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఒక్క పని చేస్తే నేను ఈ వెటకారం కట్టిపెడతాను. బీపీ పట్టా చుట్టే ముందు ‘మావా, ప్లాంటులో ఏ షాపులో చేశావు, ఎన్నేళ్లు, రోజుకెన్ని బీడీలు? మూడు వారాలు దాటిన దగ్గుందా, కళ్లెలో నెత్తురుందా?’ అని అడిగి రాసుకోవాలి. దగ్గున్నవాడిని కళ్లె పరీక్షకు పంపాలి, ఫోటోలో నీడ చూసి ఊరికే ఆరు నెలల టీబీ మాత్రలు కట్టబెట్టకుండా. ముప్పున్నవాడికి సీటీ ఎక్కడ తీస్తారో, అందులో ఏదైనా కనపడితే తర్వాత ఎవరు చూస్తారో చెప్పాలి. బీడీ మానడానికి దారి చూపాలి, అది ఏ స్కాన్ కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది, ఖర్చూ లేదు.

ఈ మాటే ఒక నిర్వాహకుడితో అంటే ఆయన చాలా మర్యాదగా విని, ‘అంత లోతుకు మన ప్యాకేజీ పోదు సార్, కావాలంటే థైరాయిడ్ కలుపుతాం’ అన్నాడు.